వెనక సీటు మాట

మా కారుకి 2023 ఫిబ్రవరిలో పదిహేనేళ్ళు నిండాయి. పిల్లలకైతే అది పదో తరగతి పరీక్షల వయసు. కారుకి మాత్రం రిటైర్మెంటు వయసు. ఆర్.సి.లో రాసిన గడువు అక్కడితో సరి. ఇంకా నడుపుకోవాలంటే బండిని తీసుకెళ్ళి చూపించాలి, ఫిట్‌నెస్ పరీక్ష చేయించాలి, రుసుము కట్టి మరో అయిదేళ్ళకి రాయించుకోవాలి. ఆ రుసుము కూడా 2022 ఏప్రిల్ నుంచి ఆరువందల రూపాయల నుంచి అయిదువేలకి పెరిగింది.

"ఇంక దాన్ని వదిలెయ్యండి నాన్నగారూ! డీజిలు బండి, అందులోనూ పాతది. ఏదైనా చిన్న పెట్రోలు కారు తీసుకుందాం, గేర్లు మార్చే బాధ లేనిది" అని బెంగుళూరు నుంచి మా అబ్బాయి ఫోను మీద ఫోను. మా ఆవిడ మాత్రం ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనలేదంటే అందులో ఏదో ఉందని ఇన్నేళ్ళ కాపురంలో నేను నేర్చుకున్నాను. ఆ 'ఏదో' ఏమిటో ఆ తరవాత ఏడాదికి గాని బయటపడలేదు. అది చివర్న చెబుతాను.

ముందు మా సంగతి. మాది బరంపురం. మా తాతగారు ఇల్లు కదలకుండానే 1936 ఏప్రిల్ ఒకటో తారీకున మద్రాసు రాజధాని నుంచి ఒరిస్సాలోకి వచ్చేశారు. గీత మారింది గాని చుట్టాలు మారలేదు. అమ్మ పుట్టిల్లు టెక్కలి దగ్గర, మా ఆవిడ పుట్టిల్లు శ్రీకాకుళం. పెళ్ళిళ్ళు అటే, తద్దినాలు అటే, వేసవిలో ఆవకాయ అటే. పెద్ద జబ్బు చేస్తే విశాఖపట్నం. మా ఊరి నుంచి గిరిసోల దాటి ఇచ్ఛాపురం వెళ్తే పాతిక కిలోమీటర్లలో ఆంధ్ర వచ్చేస్తుంది. అక్కణ్ణించి పలాస, టెక్కలి, నరసన్నపేట, వంశధార, నాగావళి దాటి విశాఖ చేరేసరికి మొత్తం సుమారు 260 కిలోమీటర్లు. రైళ్ళున్నాయి, కాదనను. కాని తెల్లవారుజామున మూడు గంటల ముహూర్తానికి ఏ రైలూ అందదు. మనవాళ్ళ ముహూర్తాలన్నీ ఆ వేళల్లోనే!

నేను తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉండగానే, 2007 చివర్లో, కారు కొనాలన్న ఆలోచన వచ్చింది. మా చిన్నతనంలో డీజిలు కారంటే అంబాసిడరే. 1489 సి.సి. ఇంజను, వీధి మలుపులో ఉండగానే ఇంట్లో గిన్నెలు మోగేవి. మేము కొనేనాటికి డీజిలు కార్లు నాజూకుగా తయారయ్యాయి. అయినా నా లెక్క నాది. అప్పట్లో పెట్రోలుకీ డీజిలుకీ మధ్య లీటరుకి పన్నెండు, పద్నాలుగు రూపాయల తేడా. డీజిలు బండి పెట్రోలు బండి కంటే దగ్గర దగ్గర లక్ష రూపాయలు ఎక్కువ. పెట్రోలుదైతే కిలోమీటరుకి మూడున్నర పైమాటే, డీజిలుదైతే రెండు రూపాయల లోపు. అంటే ఆ లక్ష తిరిగి రావాలంటే యాభై అయిదువేల కిలోమీటర్లు తిరగాలి. మేము ఏడాదికి పదివేలు తిరుగుతాం. అయిదున్నరేళ్ళకి అసలు రాబట్టుకుని, ఆపైన లాభాలు లెక్కపెట్టుకుందాం అనుకున్నాను. ఈ లెక్క ఏమైందో తరవాత చెబుతాను, నవ్వుకోవచ్చు.

మేము కొన్నది మహీంద్రా-రెనో లోగన్. రొమేనియాలోని డాసియా సంస్థ పేరు మీద, తక్కువ ఖర్చులో కుటుంబానికి సరిపోయే కారు ఉండాలని ఫ్రాన్సువారు రూపొందించి 2004లో విడుదల చేసిన బండి అది. మన దేశంలో 2007 నుంచి నాసిక్‌లో తయారయింది. ఖర్చు తగ్గించాలన్న పట్టుదల దాని రూపంలోనే కనిపిస్తుంది. కుడి అద్దమూ ఎడమ అద్దమూ ఒకటే తీరు. ముందు గాజుపలకకి ఎక్కువ వంపు లేదు. చూడడానికి, ఏం చెప్పను, మా అబ్బాయి మాటల్లో, "చిన్నపిల్లలు కారు బొమ్మ వెయ్యమంటే వేస్తారే, అలా ఉంది."

షోరూములో కుర్రాడు నిజాయితీపరుడు. "ఇందులో చూపించడానికి పెద్దగా ఏమీ లేదు సార్. మీరు కాదు, ఇంట్లో వాళ్ళని వెనక కూర్చోమనండి" అన్నాడు. అమ్మా మా ఆవిడా వెనక కూర్చున్నారు. అమ్మకి అప్పటికి డెబ్భై మూడేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. సీటు ఎత్తుగా ఉండడంతో కుంగి కూర్చునే అవస్థ తప్పింది. కొప్పు పైకప్పుకి తగల్లేదు. కాళ్ళు చాపుకుంది. మా ఆవిడ దిగి డిక్కీ తెరిపించింది. 510 లీటర్ల డిక్కీ. లోపలికి తొంగి చూసి, "ఇందులో స్టవ్వుతో సహా కాపురం పెట్టొచ్చు" అంది. అక్కడితో బేరం అయిపోయింది. నేను స్టీరింగు ముందు ఇంకా కూర్చోనేలేదు!

అన్నట్టు, ఆ పొడుగు డిక్కీకి పన్ను కూడా ఎక్కువే కట్టాం. 2006 బడ్జెట్లో నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లకి ఎక్సైజు సుంకం తగ్గించారు. లోగన్ నాలుగు మీటర్ల పాతిక సెంటీమీటర్లు. ఆ పన్ను తప్పించుకోవడానికే తరవాత వచ్చిన సెడాన్లకి వెనక తోక కత్తిరించేశారు. మా బండికి తోక ఉంది. ఆ తోకలో ఎన్ని బియ్యం బస్తాలు, ఎన్ని పనసకాయలు, ఎంతమంది పెళ్ళికూతుళ్ళ పెట్టెలు ప్రయాణం చేశాయో!

ఇంతకీ నడపడం సంగతి. మొదటి ప్రయాణం 2008 ఏప్రిల్లో, అరసవల్లి సూర్యనారాయణస్వామి దర్శనానికి. సోంపేట దాటకుండానే అమ్మకి వాంతులు. దారిలో మూడుసార్లు ఆపాం. దర్శనం అయ్యాక అమ్మ, "మీరు కారులో రండి. నేను బస్సులో వస్తాను" అంది. లక్షలు పోసి కారు కొన్న కొడుక్కి ఇంతకంటే అవమానం ఉంటుందా? మే నెలలో ఆవకాయ జాడీ తేవడానికి వెళ్ళినప్పుడు రెండో అవమానం. జాడీ మూతికి గుడ్డ కట్టి, చుట్టూ పాత దుప్పటి చుట్టి, డిక్కీలో జాగ్రత్తగానే పెట్టాం. ఇంటికొచ్చి చూస్తే గుడ్డంతా నూనె. దుప్పటికి నూనె. డిక్కీలో ఆ ఆవకాయ వాసన మరుసటి ఏడాది కొత్త ఆవకాయ వచ్చేదాకా పోలేదు.

తప్పు బండిది అనుకున్నాను. మా వీధిలో ఒక పెద్దాయన ఉండేవారు. పలాస వైపు మనిషి, నలభై ఏళ్ళు లారీ నడిపి మానేశారు. ఒకరోజు పక్కన కూర్చుని చూసి, పెద్ద బజారు దాటకుండానే, "ఆపండి బాబూ" అన్నారు. "గేరు మార్సడం గొప్ప కాదు. ఇంజను అడిగినప్పుడు మార్సాల. అడక్కుండా మారిస్తే ఎనక కూకున్నోళ్ళ మెడలు ఇరిగిపోతాయి."

ఆ మాటలో శాస్త్రం ఉందని తరవాత తెలిసింది. పెట్రోలు ఇంజనులో స్పార్కు ప్లగ్గు నిప్పు పెడుతుంది. డీజిలు ఇంజనులో నిప్పు పెట్టేవాడు లేడు. సైకిలు పంపు గట్టిగా కొడితే కింది భాగం వేడెక్కి చెయ్యి చురుక్కుమంటుంది చూడండి, అలాగే లోపల గాలిని విపరీతంగా నొక్కుతుంది. ఆ వేడి గాలిలోకి డీజిలు చిమ్మితే తనంతట తనే మండుతుంది. అందుకే ఇంజను బరువుగా, దిట్టంగా ఉంటుంది. అందుకే పొద్దున్నే స్టార్టు చేస్తే టకటకలాడుతుంది. అందుకే తక్కువ వేగంలోనే ఎక్కువ బలం ఉంటుంది. మా బండి శక్తి 65 హార్సుపవరే. కాని దాని లాగుడు బలమంతా, 160 న్యూటన్ మీటర్లు, ఇంజను నిమిషానికి రెండువేల చుట్లు తిరిగేసరికే వచ్చేస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, అంతకంటే కింద టర్బో ఇంకా నిద్రలో ఉంటుంది. కొత్తవాడు యాక్సిలరేటరు తొక్కుతాడు, బండి కదలదు. ఇంకాస్త తొక్కుతాడు. ఇంతలో టర్బో నిద్ర లేస్తుంది, బండి ఒక్కసారి ముందుకి దూకుతుంది. వాడు కంగారుపడి కాలు తీసి పైగేరు వేస్తాడు, మళ్ళీ కుదుపు. స్టీరింగు పట్టుకున్నవాడికి ఇవేమీ తెలియవు, వాడికి ఆధారం ఉంది. వెనక కూర్చున్న డెబ్భై మూడేళ్ళ మనిషికి ప్రతి కుదుపూ కడుపులోకే.

పెద్దాయన నాకు మూడు నెలలు పాఠం చెప్పారు. టర్బో లేచేదాకా ఓపిక పట్టు. రెండువేల దగ్గర గేరుని నిలబెట్టు, ఊరికే మార్చకు. బ్రేకు వెయ్యాల్సిన చోటికి ఎంతో ముందే కాలు తీసెయ్, బండి తనే నెమ్మదిస్తుంది. ఊళ్ళో, ఆవులూ రిక్షాలూ అడ్డం ఉన్న చోట, యాక్సిలరేటరు మీద అసలు కాలే పెట్టకు. నిజమే, మా బండి మొదటి గేరులోనూ రెండో గేరులోనూ కాలు పెట్టకుండానే మెల్లగా నడిచిపోతుంది. పండగ రోజుల్లో పెద్ద బజారులో ఇంతకంటే కావలసిందేముంది?

లోపాలు లేవనను. క్లచ్చి కాస్త బరువు, ఊళ్ళో గంట తిరిగితే ఎడమ మోకాలు గుర్తుచేస్తుంది. లారీని దాటాలంటే ఐదో గేరులో ఉండి ఆశపడితే లాభం లేదు, మూడుకి దిగాలి, లేకపోతే వెనకే ఆగాలి. నేను ఆగడం నేర్చుకున్నాను. తప్తపాని ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు మాత్రం దాని అసలు గుణం కనిపిస్తుంది. అయిదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, అయినా రెండో గేరులో రొప్పకుండా ఎక్కేస్తుంది. దిగేటప్పుడు కూడా అదే గేరులో దిగితే బ్రేకుల మీద భారం పడదు. గతుకుల మీద చక్రాలు పనిచేస్తాయి గాని మనుషులు ఎగరరు. యాభై లీటర్ల ట్యాంకు నింపితే విశాఖ వెళ్ళి వచ్చినా సగానికి దగ్గర్లో మిగిలి ఉండేది. ఈ చివరి మాట కాస్త గుర్తుంచుకోండి.

2010 నాటికి అమ్మ కారులో నిద్రపోవడం మొదలుపెట్టింది. ఆ ఏడాది మే నెలలో జాడీ గుడ్డ పొడిగా వచ్చింది. మా ఆవిడ గుడ్డ విప్పి, రెండు వైపులా తిప్పి చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. నాకు అదే డ్రైవింగు లైసెన్సు.

ఇప్పుడు అసలు సంగతి. 2013 అక్టోబరు 12. ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటిన రాత్రి. గోపాలపూర్ మాకు పదిహేను కిలోమీటర్లు. ఆ గాలి గురించి రాయాలంటే వేరే వ్యాసం కావాలి. రాత్రంతా తలుపులకి బల్లలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాం. తెల్లారి చూస్తే వీధిలో చెట్టన్నది నిలబడి లేదు. కరెంటు స్తంభాలు చాపలా పడుకున్నాయి. కారు మీద పక్కింటి వేపకొమ్మ పడి ఒక తలుపు సొట్టపోయింది, అంతే. దేవుడి దయ అనుకున్నాం.

ఆ సాయంత్రం చీకట్లో అమ్మ పెరట్లోకి వెళ్తూ జారి పడింది. తుంటి. లేవలేదు, కదలలేదు. తెలిసిన డాక్టరుగారు లాంతరు వెలుతురులో చూసి, కాలికి అటూ ఇటూ బద్దలు పెట్టి కట్టి, "ఎముక విరిగినట్టే ఉంది. ఆపరేషను కావాలి. ఇక్కడ కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. విశాఖ తీసుకెళ్ళగలిగితే మంచిది. కాని కుదుపు లేకుండా" అన్నారు. అంబులెన్సులన్నీ తుపాను పనిలో ఉన్నాయి. టెలిఫోన్లు లేవు. బంకుల ముందు కిలోమీటరు పొడుగు వరసలు, పంపులు నడవడానికి కరెంటు లేదు. మా బండిలో ముప్పావు ట్యాంకు డీజిలుంది. తుపాను కబురు విని ముందురోజే పోయించిందే.

పద్నాలుగో తారీకు పొద్దున్న అయిదున్నరకి బయల్దేరాం. ముందు ఎడమ సీటుని పూర్తిగా ముందుకి నెట్టేశాం. వెనక సీటు మీద పరుపు పరిచి, దిళ్ళు పేర్చి అమ్మని పడుకోబెట్టాం. అమ్మ అయిదడుగులు కూడా ఉండదు, సరిపోయింది. సీట్ల మధ్య కాళ్ళు పెట్టుకునే చోట, ఒక దిండు వేసుకుని, మా ఆవిడ నేల మీద కూర్చుంది. ఒక చెయ్యి అమ్మ నడుం కింద, ఒక చెయ్యి ఆ కట్టు మీద. అలాగే కూర్చుని తొమ్మిది గంటలు ప్రయాణం చేసింది.

మామూలుగా అయిదు గంటల దారి. ఆవేళ హైవే మీద పడిన చెట్లు నరికి సగం సగం దారి ఇచ్చారు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు కొబ్బరితోటలు తలలు తెగి నిలబడి ఉన్నాయి. అమ్మ పెరిగిన నేల అది. పడుకుని ఉంది కాబట్టి చూడలేదు, అదొక్కటే నయం. మొదటి పది కిలోమీటర్లలోనే నేను గేరు మార్చినప్పుడల్లా వెనక నుంచి మూలుగు వినిపించింది. కుదుపుకి కాదు, కుదుపు వస్తుందన్న భయానికి. "ఒరే, ఆ కుదుపు వద్దురా" అంది అమ్మ. అమ్మకి గేరంటే ఏమిటో తెలియదు. కాని ఏ క్షణాన నేను క్లచ్చి తొక్కుతానో ఒంటితో తెలిసిపోయింది.

అప్పుడు పెద్దాయన మాట గుర్తొచ్చింది. మూడో గేరులో పెట్టేశాను. దారి ఖాళీగా ఉన్నా నలభై దాటలేదు. అడ్డం వస్తే కాలు తీసేవాణ్ణి. బండి ఇరవైకి దిగినా ఆగిపోకుండా గునుస్తూనే నడిచేది. దారి దొరికితే మెల్లగా కాలు ఆనిస్తే మళ్ళీ అదే గేరులో లేచేది. పలాస నుంచి టెక్కలి దాకా నేను గేరు మార్చింది నాలుగైదు సార్లే అనుకుంటాను. నరసన్నపేట దాటి వంశధార వంతెన మీదికి వచ్చేసరికి వెనక నుంచి చప్పుడు లేదు. నాకు గుండె ఆగినంత పనైంది. అద్దంలో చూస్తే మా ఆవిడ నోటి మీద వేలు పెట్టి చూపించింది. అమ్మ నిద్రపోతోంది.

మధ్యాహ్నం రెండున్నరకి ఆసుపత్రి చేరాం. మూడోరోజు ఆపరేషను అయింది. అమ్మ వాకరు పట్టుకుని ఇంకో ఆరేళ్ళు మా ఇంట్లో తిరిగింది. 2019లో వెళ్ళిపోయింది. చివరిదాకా వచ్చినవాళ్ళందరికీ, "మా వాడి కారు రైలుబండిలా పోతుందమ్మా" అని చెప్పేది. ఆరోజు సీట్ల మధ్య నేల మీద కూర్చున్న మనిషికి మాత్రం నడుంనొప్పి నెల్లాళ్ళు పోలేదు. ఆ మాట ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇక నా లెక్క సంగతి. అయిదున్నరేళ్ళకి, అంటే సరిగ్గా 2013 నడిమికి, డీజిలు కోసం ఎక్కువ పెట్టిన లక్ష తిరిగి రావాలి కదా! ఆ ఏడాది జనవరి నుంచే డీజిలు ధరని నెలనెలా అర్ధరూపాయి చొప్పున పెంచడం మొదలుపెట్టారు. 2014 అక్టోబరులో ధర మీద నియంత్రణ పూర్తిగా ఎత్తేశారు. 2018 అక్టోబరులో మా ఒడిశాలో డీజిలు పెట్రోలుని దాటింది! బంకులో బోర్డు చూసి తప్పు రాశారనుకున్నాను. లాభాలు లెక్కపెట్టుకుందామనుకున్న పుస్తకంలో ఆ తరవాత పేజీలు మా మనవడు బొమ్మలు గీసుకోవడానికి పనికొచ్చాయి.

డబ్బు సంగతి పోనిద్దాం. ఇంకో లెక్క ఉంది, అది కాస్త బరువైనది. డీజిలు పొగ ఊపిరితిత్తుల క్యాన్సరుకి కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో తేల్చింది. 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్.-6 ప్రమాణాలు వచ్చి కొత్త బండ్ల పొగ బాగా తగ్గింది. ఆ ప్రమాణాలకి తగ్గట్టు చిన్న డీజిలు ఇంజను చెయ్యడం ఖరీదని, దేశంలో అందరికంటే ఎక్కువ కార్లు అమ్మే మారుతి ఆ నెల నుంచే డీజిలు మానేసింది. 2023 నాటికి మనలాంటివాళ్ళు కొనుక్కునే డీజిలు సెడాన్లు దాదాపు కనుమరుగయ్యాయి. మా బండి ఆ ప్రమాణాలన్నిటికంటే ముందు పుట్టింది. 2022 దీపావళికి వచ్చిన మా మనవడు గేటు దగ్గర నిలబడి ఉండగా నేను అలవాటుగా ఇంజను స్టార్టు చేసి వదిలేసి తాళాలకి లోపలికి వెళ్ళాను. వాడికి పిల్లికూతల ఆయాసం ఉంది. తిరిగి వచ్చేసరికి వాడు దగ్గుతున్నాడు, కోడలు వాణ్ణి లోపలికి తీసుకుపోతోంది. ఆ అమ్మాయి నన్ను ఒక్కమాట అనలేదు. పెద్దావిణ్ణి కుదుపు లేకుండా విశాఖ చేర్చిన ఇంజనే అది. ఆరోజు రాత్రి రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

అందుకని 2023లో ఒక ఒప్పందానికి వచ్చాం. ఊళ్ళో పనులకి కారు తియ్యకూడదు. బజారుకి ఆటో, గుడికి నడక. బండి దూరప్రయాణాలకే. నిలబెట్టి ఇంజను నడపకూడదు. పొగ పరీక్ష గడువుకి ముందే చేయించాలి. మా మెకానిక్కు ఒడియావాడు, ప్రతి మాటకీ 'ఆజ్ఞా' అంటాడు. "ఆజ్ఞా, ఈ ఇంజనుకి టైమింగు బెల్టు మర్చిపోకండి, ఫిల్టరులో నీళ్ళు ఎప్పటికప్పుడు తీయించండి, దూరం నుంచి వచ్చాక టర్బో చల్లబడడానికి ఒక్క నిమిషం ఆగి ఆపండి. మిగతాది అదే చూసుకుంటుంది" అని బండి కింది నుంచి బయటికి వస్తూ చెప్పాడు. బండి ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గింది. 2028 ఫిబ్రవరి దాకా రాయించుకు వచ్చాం. నేను స్వీట్లు పంచాను కూడా.

2024 మే నెలలో మామూలుగానే ఆవకాయకి వెళ్ళాం. తిరిగి వచ్చాక మా ఆవిడ జాడీ మూతికి కట్టిన గుడ్డ విప్పి చూసింది. ఈసారి లోపలికి వెళ్ళిపోలేదు. గుడ్డ తెచ్చి నా ముందు పెట్టింది. రూపాయి బిళ్ళ మందాన నూనె మరకలు, మూడు.

"కంచిలి దగ్గర ఒకటి, ఇచ్ఛాపురంలో రెండు. స్పీడు బ్రేకర్లు మీకు కనపడలేదు" అంది. "క్రితం ఏడాది నుంచీ చూస్తున్నాను. బండికి పరీక్ష చేయించారు, బాగానే ఉంది. మీ కళ్ళకి ఎప్పుడు చేయిస్తారు?"

అదీ ఆవిడ మౌనానికి అర్థం. నాకు కోపం వచ్చింది. ఆ తరవాత సిగ్గేసింది. ఎదటి బండి లైట్లు చుట్టూ వలయాలుగా కనిపించడం నాకు తెలుసు. రోడ్డు పాడైందని, లైట్లు మరీ ఎక్కువ పెట్టుకుంటున్నారని అందరినీ తిట్టుకున్నాను గాని, కళ్ళని అనుమానించలేదు. శుక్లాలు రెండు కళ్ళకీ ఉన్నాయి. వెనక కూర్చున్న మనిషికి ముందు కూర్చున్నవాడి చూపు తగ్గడం కూడా ఒంటికి తెలిసిపోతుందన్నమాట!

జులైలో విశాఖలో కుడి కంటికి ఆపరేషను అయింది. మా అబ్బాయి బెంగుళూరు నుంచి వచ్చి బండి నడిపాడు. తిరుగు ప్రయాణంలో కంటికి నల్లద్దాలు పెట్టుకుని నేను వెనక కూర్చున్నాను. పదహారేళ్ళలో ఆ సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. సీటు నిజంగానే ఎత్తుగా ఉంది. కాళ్ళు నిజంగానే చాపుకోవచ్చు. కిటికీ పక్కన, చేత్తో పట్టుకునే చోట రంగు అరిగి నున్నగా అయింది. అక్కడ అమ్మ చెయ్యి ఉండేది.

మా వాడికి బెంగుళూరులో గేర్లు లేని బండి అలవాటు. ఆనందపురం దాటాక టర్బో లేవకుండానే గేరు మార్చాడు. బండి ఒక్క ఊపు ఊపింది. కొద్ది దూరం పోయాక మళ్ళీ.

"ఒరే, ఆ కుదుపు వద్దురా" అన్నాను.

పక్కన మా ఆవిడ కిటికీ వైపు తిరిగి నవ్వుకోవడం ఒక్క కంటితోనే చూశాను.